పీచు పొద్దున తినాలా, రాత్రి తినాలా? బరువుకీ పేగుల్లో బ్యాక్టీరియాకీ ఏది మంచిది?

పీచుమిఠాయి
అందరికీ నమస్కారం. పేరు చూసి నవ్వకండి, మిఠాయిలో తప్ప ఇంకెక్కడా పీచు ఎరగని రోజుల్లో పెట్టుకున్న పేరు ఇది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు. ఆరు నెలల క్రితం డాక్టరు పీచు పెంచమన్నారు, పెంచాను. కాకపోతే పొద్దున నాకు టైం ఉండదు, కాఫీ, రెండు తెల్ల బ్రెడ్ ముక్కలు, అంతే. మధ్యాహ్నం ఏది దొరికితే అది. అందుకని రోజు మొత్తం పీచంతా రాత్రి తొమ్మిదిన్నరకి ఒకేసారి లాగించేస్తున్నా, పెద్ద గిన్నెడు కూరగాయలు, బీన్స్, పైన ఒక గ్లాసు ఇసబ్‌గోల్. బరువు ఓ కిలో తగ్గి అక్కడే ఆగిపోయింది. రాత్రంతా కడుపులో ఉరుములు, నిద్ర లేదు. మొన్న ఒక వీడియోలో ఒకాయన "పీచు పొద్దున తింటేనే బరువు తగ్గుతారు, రాత్రి తింటే పేగుల్లో బ్యాక్టీరియా నిద్రపోతూ ఉంటుంది కాబట్టి వృథా" అన్నాడు. ఇందులో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గింజలమూట
బ్యాక్టీరియా నిద్రపోతుంటే ఆ ఉరుములు ఎవరివంటారు మరి?

సూక్ష్మదర్శిని
గింజలమూట గారు జోక్ చేసినా సమాధానం సగం అందులోనే ఉంది. బ్యాక్టీరియా నిద్రపోదు. మనం చదువుకున్నది సూక్ష్మజీవశాస్త్రమే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

పీచు అంటే మన ఎంజైములకు లొంగని పిండిపదార్థం. నోటి నుంచి చిన్నపేగు చివరిదాకా దాదాపు అలాగే వెళ్తుంది, అసలు కథ పెద్దపేగులో మొదలవుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేటే. ఈ ఆమ్లాలు పేగు గోడలోని కణాల్ని తట్టి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలయ్యేలా చేస్తాయి, కడుపు నిండిందని మెదడుకి కబురు పంపేది అవే. బరువుకీ పీచుకీ ఉన్న ముఖ్యమైన లంకెల్లో ఇదొకటి. రెండోది మామూలు సంగతే, పీచున్న తిండి నమలడానికి టైం పడుతుంది, కడుపులో చోటు తీసుకుంటుంది, క్యాలరీలు తక్కువ.

ఇప్పుడు టైం సంగతి. తిన్నది పెద్దపేగు చేరడానికి గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదికి తిన్న పీచు మీద బ్యాక్టీరియా పని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. మీరు తొమ్మిదిన్నరకి తిన్నది అర్ధరాత్రి దాటాక పులుస్తుంది. మీ ఉరుముల టైం కూడా అదే కదా?

బ్యాక్టీరియాకీ రోజువారీ లయ ఉందన్నది మాత్రం నిజం. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చూపించారు, కొన్ని రకాలు రోజులో ఒక టైంలో పెరిగి ఇంకో టైంలో తగ్గుతాయి. ఆ లయని ప్రధానంగా నడిపేది మనం తినే వేళ. ఎలుకల శరీర గడియారం జన్యువుల్ని చెడగొడితే ఈ లయ పోయింది, మళ్లీ టైం ప్రకారం తిండి పెడితే తిరిగొచ్చింది. అంటే బ్యాక్టీరియా గోడగడియారం చూసి బతకదు, మీ కంచం చూసి బతుకుతుంది.

అనుమానాలపుట్ట
సూక్ష్మదర్శిని గారూ, బాగా చెప్పారు కానీ నాదొక అనుమానం. ఆ 2014 పేపర్లో విమానప్రయాణం చేసి వచ్చినవాళ్ల మలాన్ని ఎలుకల్లోకి ఎక్కిస్తే అవి లావెక్కాయని అందరూ తెగ చెప్పుకున్నారు. ప్రయాణం చేసిన మనుషులు ఎంతమంది? ఇద్దరు! ఇద్దరు మనుషుల కడుపు చూసి ప్రపంచానికంతా టైంటేబుల్ వేసేస్తారా?

ఇంకోటి. ఎలుక రాత్రిపూట తిరిగే జంతువు. దాని "పొద్దున" అంటే చీకటి పడ్డాక. ఈ ముక్క చాలామంది వీడియోవాళ్లకి తెలీదు. పేపర్లో "యాక్టివ్ టైం మొదట్లో తినిపించాం" అని ఉంటే వీళ్లు "ఉదయం" అని చదివేస్తారు, ఒక్కోసారి తిరగేసి కూడా చదువుతారు.

సూక్ష్మదర్శిని
ఇద్దరే, ఒప్పుకుంటాను. దాన్ని రుజువు అనకూడదు, దారి చూపించింది అనొచ్చు. తర్వాత 2020లో జర్మనీవాళ్లు దాదాపు రెండు వేలమంది మలాన్ని పరిశీలించారు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో కొన్ని బ్యాక్టీరియా రకాలకి ఈ రోజువారీ లయ కనపడలేదు. స్థూలకాయం ఉన్నవాళ్లలోనూ లయ తేడాలు కనపడ్డాయి. కానీ లయ చెడి జబ్బు వచ్చిందా, జబ్బొచ్చి లయ చెడిందా అన్నది అలాంటి పరిశీలనతో పూర్తిగా తేలదు.

నిద్రగన్నేరు
మనుషుల మీద, అదీ నేరుగా పీచు టైం మీద చేసిన పని ఒకటుంది, ఎవరూ చెప్పలేదేంటి? జపాన్‌లో వాసెదా యూనివర్సిటీ వాళ్లు 2020లో ప్రచురించారు. వయసు మళ్లినవాళ్లని రెండు గుంపులు చేసి, ఇన్యులిన్ అనే కరిగే పీచు ఎక్కువగా ఉండే జెరూసలేం ఆర్టిచోక్ దుంప పొడిని ఒక గుంపుకి పొద్దున టిఫిన్‌తో, ఇంకో గుంపుకి రాత్రి భోజనంతో వారం రోజులు ఇచ్చారు. రక్తంలో చక్కెర మీద ప్రభావం పొద్దున తిన్నవాళ్లలో మెరుగ్గా కనపడింది, బ్యాక్టీరియాలో మార్పు కూడా వాళ్లలోనే ఎక్కువ.

కారణం ఏమై ఉంటుందంటే, రాత్రంతా ఏమీ తినలేదు కదా, పేగు ఖాళీగా ఉంది, బ్యాక్టీరియా ఆకలి మీద ఉంది, అప్పుడొచ్చిన మొదటి తిండికి గట్టిగా స్పందిస్తుందని ఒక ఊహ. నాకైతే నమ్మబుద్ధేస్తుంది.

పీచుమిఠాయి
అయితే వీడియో ఆయన కరెక్టే అన్నమాట!!

అనుమానాలపుట్ట
ఆగండాగండి. వారం రోజులు. వారంలో బరువు సంగతి ఏం తేలుతుంది? వయసుమళ్లినవాళ్లు, పొడి రూపంలో ఒక్క రకం పీచు. దీన్నుంచి "రాత్రి తింటే వృథా" దాకా దూకాలంటే ఆంజనేయుడే దూకాలి.

బార్లీబుల్లోడు
రాత్రి పార్టీ తరఫున నేనొచ్చాను.

స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని చూడండి. రాత్రి భోజనంలో ఉడికించిన బార్లీ గింజలు పెట్టి, మర్నాడు పొద్దున అందరికీ ఒకే రకం టిఫిన్ పెట్టి చక్కెర కొలిచారు. రాత్రి బార్లీ తిన్నవాళ్లకి మర్నాడు పొద్దున చక్కెర తక్కువ ఎగిసింది, కడుపు నిండినట్టు కూడా ఉంది. ఎందుకంటే రాత్రంతా పెద్దపేగులో పులిసిన ఫలితం పొద్దుటికి చేతికొచ్చింది. దీన్ని "రెండో భోజనం ప్రభావం" అంటారు, ఈ మాట 1980ల నుంచీ ఉంది, అప్పట్లో పప్పుగింజలతో చేశారు.

2015లో వాళ్లే ఇంకో మెట్టు ఎక్కారు. మూడు రోజులు బార్లీ గింజల బ్రెడ్ తినిపిస్తే కొందరిలో చక్కెర బాగా మెరుగైంది, కొందరిలో ఏమీ మారలేదు. మెరుగైనవాళ్ల పేగుల్లో ప్రెవోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంది. అంటే ఒకే బ్రెడ్, ఒకే టైం, అయినా ఫలితం వేరు, ఎందుకంటే లోపల కాపురం ఉన్నవాళ్లు వేరు. నా అనుభవం కూడా రాత్రి వైపే, రాత్రి బార్లీ తిన్న మర్నాడు పదకొండింటి ఆకలి నన్ను పీకదు. అయితే నేను ఏడింటికల్లా తినేస్తాను, పదింటికి కాదు.

గింజలమూట
చక్కెర చక్కెర అంటున్నారు, మిఠాయి గారు అడిగింది బరువు గురించి కదా. బ్యాక్టీరియా మారితే నిజంగా బరువు తగ్గుతుందా లేక ఇదంతా ఎలుకలకేనా?

సూక్ష్మదర్శిని
మంచి ప్రశ్న. 2013లో ఒక ప్రయోగం చేశారు, ఇది నాకు చాలా ఇష్టం. కవలల్లో ఒకరు సన్నం, ఒకరు లావు. అలాంటి నాలుగు జంటల మలాన్ని, పుట్టుకతో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. లావు మనిషి బ్యాక్టీరియా అందుకున్న ఎలుకకి కొవ్వు ఎక్కువ పెరిగింది. తర్వాత రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో పెట్టారు (ఎలుకలు ఒకదాని పెంట ఇంకోటి తింటాయి, కాబట్టి బ్యాక్టీరియా మారకం జరుగుతుంది, భోజనం చేస్తూ చదువుతున్నవాళ్లు క్షమించాలి). సన్నపువాళ్ల బ్యాక్టీరియా వెళ్లి లావు ఎలుకలో కాపురం పెట్టి కొవ్వు పెరగకుండా ఆపింది. కానీ ఎప్పుడు? కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న మేత పెట్టినప్పుడు మాత్రమే. కొవ్వు ఎక్కువ, పళ్లూ కూరగాయలూ తక్కువ ఉన్న మేత పెడితే ఆ మంచి బ్యాక్టీరియా నిలవలేదు. విత్తనం ఎంత మంచిదైనా నీళ్లు పెట్టాలిగా.

మనుషుల్లో ఇంత గట్టిగా కనపడదు. ప్రొపియోనేట్‌ని ఇన్యులిన్‌కి అతికించి నేరుగా పెద్దపేగులో విడుదలయ్యేలా రోజుకి 10 గ్రాములు, 24 వారాలు ఇస్తే, బరువు పెరగడం ఆగిందని లండన్‌లో చూపించారు. గమనించండి, ఆగింది అంటున్నా, కరిగిపోయింది అనట్లేదు.

రాత్రిడ్యూటీ
నాది వేరే గోల. నేను రాత్రి షిఫ్టు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి పడుకుంటా, సాయంత్రం నాలుగింటికి లేస్తా. నాకు "పొద్దున" ఏది? ఈ షిఫ్టులోకి మారాక రెండేళ్లలో 14 కిలోలు పెరిగాను, ఇదీ బ్యాక్టీరియా పనేనా? పైగా వారానికి రెండు రోజులు సెలవు, ఆ రెండు రోజులూ అందరిలా రాత్రి పడుకుంటా.

నిద్రగన్నేరు
రాత్రిడ్యూటీ తమ్ముడూ, నేనూ ఆరేళ్లు ఆ పని చేసి బయటపడ్డాను, బాధ తెలుసు. నీ పొద్దున అంటే నిద్రలేచాక మొదటి భోజనం, సాయంత్రం ఐదింటిదే. పీచు, కడుపు నిండే తిండి అక్కడ పెట్టుకో. తెల్లవారుజామున మూడింటికి పెద్ద భోజనం మానేసి తేలిగ్గా ఏదైనా తిను, ఆ టైంలో శరీరం చక్కెరని సరిగా సర్దుకోలేదు, నువ్వు ఎంత మేలుకునున్నా సరే. నాకు ఎక్కువ దెబ్బ కొట్టింది సెలవు రోజులే, ఐదు రోజులు ఒక టైం, రెండు రోజులు ఇంకో టైం, ప్రతి వారం విమానమెక్కి దిగినట్టు ఉండేది. నేను చివరికి చేసిందేంటంటే సెలవు రోజుల్లో కూడా సాయంత్రం ఐదింటి భోజనం ఒక్కటి మార్చకుండా ఉంచుకున్నా, మిగతావి ఎటైనా పోనీ అని. మలబద్ధకం మాత్రం పోయింది, బరువు షిఫ్టు మారాకే తగ్గింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సూక్ష్మదర్శిని
ఒక ముక్క చేరుస్తాను. 2018లో జపాన్‌లోనే ఎలుకల మీద చేసిన పనిలో, ఆ చిన్న కొవ్వు ఆమ్లాలు శరీరంలోని ఇతర అవయవాల గడియారాన్ని కూడా జరపగలవని తేలింది. అంటే గడియారం పేగుని నడపడమే కాదు, పేగు కూడా గడియారాన్ని నెడుతుంది. రోజూ ఒకే టైంకి పీచు పడితే ఆ నెట్టుడు ఒకే వైపు ఉంటుందని అనుకోవచ్చు. షిఫ్టువాళ్ల మీద నేరుగా పరీక్షించిన సంగతి కాదు సుమా, నా ఆలోచన.

తక్కెడ
పోషకాహార సలహాదారుగా పని చేస్తాను, రోజూ ఈ ప్రశ్న వింటాను, అందుకే కాస్త విసుగ్గా అనిపిస్తే క్షమించండి.

మిఠాయి గారూ, ముందు ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు అని చెప్పింది, అదీ తిండిలో సహజంగా ఉండేది. మీ రోజు చూస్తే పొద్దున, మధ్యాహ్నం కలిపి నాలుగైదు గ్రాములు ఉంటుందేమో. రాత్రి ఒక్కపూటే ఇరవై పైన. మీకు పొద్దునా రాత్రా అన్న సమస్య కంటే ముందు, మొత్తం ఒకే మూటగా దించుతున్న సమస్య ఉంది. పెద్దపేగు రాత్రి నిద్రలో చాలావరకు నెమ్మదిస్తుంది, పొద్దున లేవగానే, తిన్న వెంటనే చురుగ్గా కదులుతుంది. నెమ్మదించిన టైంలో గ్యాస్ తయారైతే అంత సులువుగా బయటికి పోదు. మీ నిద్ర చెడేది అందుకే అని నా అంచనా. నిద్ర చెడితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదకి పోతుంది, మీరు బరువు దగ్గర ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు.

పొద్దున ఎక్కువ తింటే బరువు తగ్గుతుందా అంటే, 2013లో 93 మంది మహిళల మీద 12 వారాలు చేశారు, అందరికీ 1400 క్యాలరీలే, ఒక గుంపుకి పొద్దున 700, ఇంకో గుంపుకి రాత్రి 700. పొద్దున గుంపు 8.7 కిలోలు తగ్గింది, రాత్రి గుంపు 3.6. ఇది చూసి అందరూ చంకలు గుద్దుకున్నారు. 2022లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 30 మందికి ప్రతి ముద్దా తూచి పెట్టి, నాలుగేసి వారాలు పొద్దున ఎక్కువ, మళ్లీ నాలుగు వారాలు రాత్రి ఎక్కువ పెట్టి చూస్తే బరువు రెండిట్లోనూ ఒకేలా తగ్గింది! తేడా ఎక్కడంటే, పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువ. నా దగ్గరికొచ్చేవాళ్లలో నేను చూసేది కూడా ఇదే. ల్యాబులో ముద్ద తూచి పెడతారు కాబట్టి ఆకలేసినా చచ్చినట్టు ఊరుకుంటారు, ఇంట్లో ఎవరు తూస్తారు? ఆకలి తక్కువుంటేనే రాత్రి పదకొండింటికి డబ్బా మూత తీయరు.

అనుమానాలపుట్ట
తక్కెడ గారు చెప్పింది నాకు నచ్చింది, రాసిపెట్టుకుంటున్నా. వాదనకి వచ్చి ఒప్పుకోవడం నాకే చిత్రంగా ఉంది.

కొత్తసభ్యుడు
నేను డబ్బు కట్టి మలం పరీక్ష చేయించుకున్నాను, రిపోర్టులో ఫర్మిక్యూట్స్ అనే బ్యాక్టీరియా వర్గం ఎక్కువ, బ్యాక్టీరాయిడిటీస్ అనే వర్గం తక్కువ, అందుకే నాకు ఊబకాయం అని రాశారు. రాత్రి పడుకునే ముందు వాళ్లదే పీచు పొడి వేసుకోమన్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయను?

సూక్ష్మదర్శిని
టెన్షన్ పడకండి. ఆ రెండు వర్గాల నిష్పత్తి కథ 2000ల మధ్యలో ఎలుకలు, కొద్దిమంది మనుషుల మీద వచ్చింది. 2016లో అప్పటిదాకా వచ్చిన పది అధ్యయనాల డేటా మొత్తం కలిపి మళ్లీ లెక్కేస్తే, ఆ నిష్పత్తిని చూసి ఎవరు లావో ఎవరు సన్నమో చెప్పడం కుదరలేదు. పైగా ఈ చర్చలో పైన అనుకున్నదే, బ్యాక్టీరియా రోజులో మారుతూ ఉంటుంది. మీరు పొద్దున ఇచ్చిన నమూనా, సాయంత్రం ఇచ్చిన నమూనా ఒకేలా రావాలని లేదు. ఒక్క ఫొటో చూసి సినిమా కథ చెప్పినట్టు ఉంటుంది.

గింజలమూట
పరీక్ష చేసినవాళ్లే మందు అమ్ముతున్నారంటే, గొర్రె కసాయివాణ్ణే నమ్మినట్టు.

బార్లీబుల్లోడు
ఇసబ్‌గోల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అది పీచే కానీ మన పేగుల్లో పెద్దగా పులవదు. నీళ్లు పట్టుకుని జిగురులా మారి మలాన్ని మెత్తబరుస్తుంది, భోజనంతో తీసుకుంటే చక్కెర, కొలెస్టరాల్ తగ్గడానికి పనికొస్తుంది, కానీ బ్యాక్టీరియాకి తిండి పెట్టాలంటే అది సరైన వడ్డన కాదు. ఇన్యులిన్ దానికి పూర్తిగా వ్యతిరేకం, గబగబా పులుస్తుంది, గ్యాస్ కూడా గబగబా వస్తుంది. కాబట్టి ఏ టైం అని అడిగేముందు ఏ పీచు అని అడగాలి. వాసెదా వాళ్ల ఫలితం ఇన్యులిన్‌ది, మా బార్లీది వేరు. రెండిటినీ కలిపి "పీచు" అని ఒకే గాటన కట్టి కొట్టుకుంటున్నాం మనం.

తక్కెడ
నిజమే. ఇంకో రెండు జాగ్రత్తలు. ఇసబ్‌గోల్‌ని నిండు గ్లాసు నీళ్లతో తాగండి, పడుకోబోయే ముందు పొడిపొడిగా మింగడం మంచిది కాదు, గొంతులో అడ్డం పడొచ్చు. మందులు వేసుకునేవాళ్లు గంటల తేడా పెట్టుకోండి, ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర. దాన్నీ పీచు పొడినీ దగ్గర దగ్గరగా తీసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు, నాలుగు గంటల ఎడం ఉంచమంటారు. "పొద్దున పీచు మంచిదట" అని చదివి పరగడుపున మాత్రతో పాటే పొడి కలిపేసుకున్నవాళ్లని చూశాను, మూడు నెలలకి పరీక్షలో తేడా వస్తే డోసు పెంచించుకున్నారు పాపం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మార్చేముందు డాక్టరుతో మాట్లాడాలి.

అలాగే ఒకే భోజనంలో కూడా ముందూ వెనకా ఉంటుంది. 2015లో టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి అదే కంచం, అదే తిండి, వరస మాత్రం మార్చి పెట్టారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు, పిండిపదార్థం చివర. గంట తర్వాత చక్కెర 37 శాతం తక్కువ. చిన్న ప్రయోగమే, కానీ ఖర్చు లేని పని, ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

రాత్రిడ్యూటీ
కంచంలో వరస మార్చడం నా వల్ల అవుతుంది. జీవితంలో వరసే మారట్లేదు.

పీచుమిఠాయి
మూడు వారాల తర్వాత వచ్చాను, అందరికీ థ్యాంక్స్. ఏం చేశానో చెబుతా. తక్కెడ అక్క చెప్పినట్టు మూట విప్పాను. పొద్దున తెల్ల బ్రెడ్ తీసేసి ఓట్స్, ఒక పండు (ముందు రోజు రాత్రే నానబెట్టి పెడుతున్నా, టైం లేదన్నది వట్టి సాకని తేలింది). బీన్స్ మధ్యాహ్నానికి జరిపాను. రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం, కూరగాయలు మామూలుగా, ఇసబ్‌గోల్ మానేశా. మొదటి వారం మధ్యాహ్నం మీటింగుల్లో కడుపు చేసిన చప్పుళ్లకి తల ఎత్తుకోలేకపోయాను, కొత్త టైం కదా, రెండో వారానికి తగ్గింది. రాత్రి ఉరుములు పోయాయి, ఒంటిగంటకి మెలకువ రావడం లేదు.

బరువు 90.2. అది పీచు టైం మారడం వల్లా, నిద్ర వల్లా, రాత్రి రెండోసారి ఫ్రిజ్ తలుపు తీయకపోవడం వల్లా అన్నది నేను చెప్పలేను, 800 గ్రాములంటే నీళ్లు కూడా అయ్యుండొచ్చు.

అనుమానాలపుట్ట
800 గ్రాములకి నేను చప్పట్లు కొట్టను. నిద్రకి కొడతాను. రోజూ ఒకే టైంకి బరువు చూసుకుంటున్నారా లేదా?

పీచుమిఠాయి
లేదు :( ఒకసారి పొద్దున, ఒకసారి భోజనం అయ్యాక.

అనుమానాలపుట్ట
రేపటి నుంచి లేవగానే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. నెల తర్వాత వచ్చి చెప్పండి.